మా కంచ ఖాళీగా లేదు: రెవెన్యూ, పంచాయతీరాజ్, అటవీ, పశుసంవర్ధక శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ, పంచాయతీరాజ్, అటవీ, పశుసంవర్ధక శాఖల అధికారులకు,

నమస్కారం. నేను పాలమూరు వైపు ఒక ఊళ్లో గొర్రెల కాపరుల సొసైటీ సభ్యుణ్ని. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, మా నాయినకు మోకాళ్లు పట్టేశాక మళ్లీ మంద వెనక నడవడానికి వచ్చాను. మా ఊరి మేత భూమి, అంటే మా కంచ గురించి రెండేళ్లలో మూడుసార్లు, ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాం. మొదటిది ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్లింది. రెండోదానికి 'పరిష్కరించబడినది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడగబోతే, ఆ ఫైలు మా దగ్గర లేదన్నారు. మూడోదానికి రసీదు ఒక్కటే మిగిలింది. అందుకే ఈసారి అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఇది ఒక్క ఊరి గొడవ అయిపోతుంది. కావాలనుకుంటే దరఖాస్తుల్లో సర్వే నంబరుతో సహా అన్నీ ఉన్నాయి.

ఊరి భూముల పాత రికార్డు పహాణీలో ఆ సర్వే నంబరు ఎదురుగా 'బంచరాయి' అని ఉంటుంది. 90 ఎకరాల చిల్లర. ఊరి పశువులు, జీవాలు మేయడానికి వదిలిన సర్కారు భూమిని బంచరాయి అంటారు. కొన్ని చోట్ల గైరాన్ అని రాస్తారు. ఆంధ్ర జిల్లాల్లో మేత పోరంబోకు అంటారు. మేం మాత్రం కంచ అంటాం. ఈ మాట తెలియనివాళ్లకు 2025లో కంచ గచ్చిబౌలి గుర్తుండే ఉంటుంది. 400 ఎకరాల్లో మిషన్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. అది అడవా, ఐటీకి ఇచ్చే జాగనా, యూనివర్సిటీదా అని టీవీల్లో రోజుల తరబడి వాదించుకున్నారు. ఊరి పేరుకు ముందే ఉన్న ఆ 'కంచ' ఏమిటని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

ఇక మా కంచ సంగతి. 2015లో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలైంది. తర్వాత ఒక ఏడాది కంచలో ఒక ముక్కకు చుట్టూ కందకం తవ్వి మొక్కలు పెట్టారు. 2019లో పల్లె ప్రగతి వచ్చింది. దాంతో నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం వచ్చాయి. 2020లో పల్లె ప్రకృతి వనం, 2022లో క్రీడా ప్రాంగణం. ఆ తర్వాత ఒక గోదాము. వీటిలో దేన్నీ మేం వద్దనలేదు. వైకుంఠధామం లేని రోజుల్లో, వానలో పాడెను భుజాన పెట్టుకుని ఎవరి చెలక గట్టు మీద దించాలో తెలియక నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఏ శాఖ వచ్చినా కంచలో ఒకటే రకం తావు అడిగింది. రోడ్డు పక్కన ఉండాలి, చదునుగా ఉండాలి, నీళ్లకు దగ్గరగా ఉండాలి. మంద కంచలోకి పోయేది, నీళ్లకు దిగేది కూడా ఆ పక్క నుంచే. అన్నీ తీసేస్తే కాగితం మీద ఇంకా సగానికి పైగా భూమి మిగిలింది. అది రాళ్ల గుట్ట. దాని మీదికి పోవడానికి మందకు దారి లేదు.

పోయిన ఎండాకాలం ఇద్దరు వచ్చి ఆ గుట్ట వాలును కూడా కొలుచుకుని పోయారు. ఎవరు బాబూ అంటే సోలార్ అన్నారు. అంతకు మించి చెప్పలేదు. అప్పటి నుంచి ఊళ్లో టెన్షన్ మొదలైంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరుసగా రాస్తాను.

1. మాకు కంచ అక్కరకొచ్చేది ముఖ్యంగా వానాకాలం. ఈ ముక్క ఆఫీసుల్లో ఎంత చెప్పినా ఎక్కడం లేదు. తనిఖీకి వచ్చేవాళ్లు ఎండాకాలం వస్తారు. అప్పుడు కంచ ఎండి, గోధుమరంగుకు తిరిగి, నిజంగానే ఎవరికీ పట్టనట్టు కనిపిస్తుంది. ఆ రోజుల్లో మంద అక్కడ ఉండదు. పంట కోసిన చెలకల్లో ఉంటుంది, లేదా వలస పోయి ఉంటుంది. మృగశిర పడి ఊరంతా విత్తనాలు వేశాక జీవాలకు కాలు పెట్టే చోటు కంచ ఒక్కటే. జూన్ నుంచి పంట కోతల దాకా మంద బతికేది ఆ గడ్డి మీదే. ఒకప్పుడు జొన్న కోయగానే చెలకలు తెరుచుకునేవి. ఇప్పుడు పత్తి, కంది సంక్రాంతి దాటినా చేనులోనే ఉంటాయి. బోర్లు, కాలువ నీళ్లు ఉన్న చోట యాసంగి వరి వేస్తున్నారు కాబట్టి ఎండాకాలం బీడు పడే పొలం కూడా తగ్గింది. రైతుకు మంచిదే, మాకేం ఏడుపు లేదు. కానీ పట్టా భూముల్లో మేత తగ్గుతున్న కొద్దీ కంచ అవసరం పెరుగుతుంది. కంచ తగ్గుతోంది కూడా ఈ ఏళ్లలోనే.

2. కందకం తవ్వినప్పుడు మంద బాటను అడ్డంగా కోశారు. బాటను ఊరి పటం నక్షాలో చూపలేదు కాబట్టి తవ్వినవాళ్ల తప్పు కూడా కాదేమో. ఇప్పుడు నీళ్లకు పోవాలంటే తారురోడ్డు మీద చుట్టు తిరిగి పోవాలి. రెండేళ్ల కింద పొద్దుగూకిన వేళ మా చిన్నాయన మందలో పదకొండు జీవాలు లారీ కింద పడ్డాయి. పట్టపగలైతే డ్రైవర్లు హారన్ కొడతారు, తిడతారు, అంతవరకే.

3. 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం పెట్టింది. ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర 1.25 లక్షలు. అందులో 75 శాతం సబ్సిడీ, మా వాటా 31,250 రూపాయలు. తర్వాత ధర 1.75 లక్షలకు పెంచితే వాటా 43,750 అయింది. అప్పు తెచ్చి డీడీలు కట్టినవాళ్లు మా సొసైటీలోనే ఉన్నారు. 2019 పశుగణనలో తెలంగాణ 1.90 కోట్ల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంతకుముందు 2012 లెక్క కంటే దాదాపు 48 శాతం ఎక్కువ. పేపర్లో చదివి మేమూ సంతోషించాం. కానీ ఒక శాఖ ఊరికి జీవాలను పంపుతున్న రోజుల్లోనే మిగతా శాఖలు అవి మేసే చోటును ముక్కలు చేసుకున్నాయి. అన్ని గొర్రెలు ఎక్కడ మేస్తాయో ఈ నాలుగు శాఖలు ఒక టేబుల్ దగ్గర కూర్చుని ఎప్పుడైనా మాట్లాడుకున్నాయా? మాట్లాడుకుని ఉంటే ఆ కాగితం చూపించండి.

4. కంచ మందలది మాత్రమే కాదు. దసరా నుంచి దీపావళి దాకా మా ఆడవాళ్లు అక్కడ సీతాఫలాలు ఏరి బస్సెక్కి పోయి అమ్ముకుంటారు. బాలానగర్ సీతాఫలం అని దేశమంతా నర్సరీల్లో అమ్ముతారే, ఆ బాలానగర్ మా పాలమూరుదే. మోదుగ ఆకు, చీపురు పుల్ల, వంటచెరుకు అక్కడివే. బతుకమ్మకు తంగేడు, గునుగు అక్కడి నుంచే తెస్తాం. తంగేడు రాష్ట్ర పుష్పం అని బోర్డులు పెట్టారు, అది పూసే జాగను రికార్డులో పనికిరాని భూమి కింద రాశారు. సీతాఫలం చెట్లు ఉన్న మూలనే చదును చేసి క్రీడా ప్రాంగణం బోర్డు నాటారు. ఆ పండ్ల డబ్బుతో పిల్లల బడి ఖర్చు వెళ్లదీసుకున్న ముసలమ్మలు ఇప్పుడు పత్తి ఏరడానికి కూలికి పోతున్నారు. వీళ్ల నష్టం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఎందుకంటే వాళ్లకు పట్టా లేదు, సొసైటీ కూడా లేదు.

5. డంపింగ్ యార్డు గాలికి కవర్లు కంచంతా పరుచుకుంటాయి. జీవాలు తింటాయి, కడుపుబ్బి పోతాయి. వానకు ఆ చెత్త నీరు కుంటలోకి దిగుతుంది.

6. మొక్క కొరికిందని మేకలకు జరిమానా వేస్తారు. పంచాయతీ కార్యదర్శి మీద నాకు కోపం లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద వేటు పడుతుంది. ఆ అమ్మాయి ఉద్యోగం మొక్క మీద ఆధారపడి ఉంది, మా బతుకు మేక మీద ఆధారపడి ఉంది. మా ఇద్దరికీ తగాదా పెట్టింది పైనుంచి వచ్చిన లెక్క. మొక్కలకు 85 శాతం అని లక్ష్యం పెట్టినవాళ్లు, మేతకు కనీసం ఇంత శాతం వదలాలని ఒక్క అంకె ఎందుకు పెట్టలేదు?

7. చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ఇంకో తగాదా. యాసంగి చివరి తడి కోసం తూము పూర్తిగా తెరవమని ఆయకట్టు రైతులు అడుగుతారు. చేపలు పెరగాలి, కాస్త నీళ్లు ఉంచమని మత్స్య సొసైటీ అడుగుతుంది. నీళ్లు వెనక్కి పోయే కొద్దీ ఆ తడిలో విత్తనం వేసేవాళ్లు ఉన్నారు. అదే తడి గడ్డి కోసం మందలు చూస్తుంటాయి. వెనకట ఈ పంచాయితీ కట్ట మీద కూర్చుని తెంపుకునేవాళ్లు. మంచిగానే తెంపుకునేవాళ్లని అనను, పెత్తందార్ల మాటే నెగ్గేది. అయినా అందరూ ఒక చోట కూర్చునేవాళ్లు. ఇప్పుడు నీళ్లకు ఒక శాఖ, చేపకు ఒక శాఖ, భూమికి ఒక శాఖ. కూర్చోబెట్టేవాళ్లు లేరు.

మా వైపు తప్పులు దాచను. మేక లేత మొక్కను బతకనివ్వదు, నిజమే. గుట్ట మీద ఒకే చోట రోజూ మేపితే మట్టి కొట్టుకుపోతుంది. కంచ అంచున గట్టు జరుపుకుని చెలకలో కలుపుకున్నవాళ్లలో మా కులంవాళ్లూ ఉన్నారు. రాత్రిళ్లు మొరం తోలుకుపోయే ట్రాక్టర్లు ఎవరివో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. భూమి లేని దళిత కుటుంబాలు ఆ కంచలోనే లావుణి పట్టాలు, అంటే సర్కారు భూమిని పేదలకు ఇచ్చే పట్టాలు, అడుగుతున్నాయి. వాళ్ల ఆకలి మా ఆకలి కంటే చిన్నదని చెప్పే మొహం నాకు లేదు. కాబట్టి కంచ మొత్తం మాకే కావాలని ఈ లేఖ రాయడం లేదు. ఒకే నేల వానాకాలం మందకు, దసరాకు పండ్లు ఏరే వాళ్లకు, ఎండాకాలం మట్టి తీసుకునే కుమ్మరికి పనికొచ్చేది. ఎవరి కాలం వాళ్లది కాబట్టి కంచె అక్కర లేకపోయింది. మీరు ఒక్కో పనికి ఒక్కో ముక్క కొలిచి, చుట్టూ జాలి వేసి, గేటుకు తాళం పెడుతున్నారు. తాళం పడ్డ ముక్క ఏడాదిలో పదకొండు నెలలు ఎవరికీ అక్కరకు రాదు. మా క్రీడా ప్రాంగణంలో బోర్డు ఉంది, రెండు పైపులు ఉన్నాయి, మోకాలెత్తు గడ్డి ఉంది. ఆ గడ్డి కూడా మా జీవాలకు కాదు.

చట్టం మాట. ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ మేత భూములు, కల్లాలు, శ్మశానాలు, పశువులు నిలిచే జాగలు, బండ్ల బాటలు, తోపులు గ్రామపంచాయతీకి దఖలు పడతాయని చెప్పింది. దాంట్లోనే ఒక షరతు ఉంది, ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేనివైతేనే అని. ఆ షరతు సందులోంచే ఇన్నేళ్లూ భూములు పోయాయి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి గ్రామ ప్రజలకు తిరిగి అప్పగించే పథకం తయారు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు సర్కారు ఇచ్చిన లీజులు, అప్పటికే కట్టిన బడి, దవాఖానా లాంటివాటికి మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చంది. ఆ తీర్పు కాపీని మా రెండో దరఖాస్తుకు జత చేశాం. 'పరిష్కరించబడినది' అని వచ్చింది ఆ దరఖాస్తుకే.

ఊళ్లో ఇదంతా తెలిసిన మనిషి కూడా లేకుండా పోయాడు. 2020 సెప్టెంబరులో ఊరి రెవెన్యూ అధికారి, అంటే వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2023లో ఊరి రెవెన్యూ సహాయకులైన వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దారు. హద్దురాయి ఎక్కడుందో, మంద బాట ఎన్ని గజాల వెడల్పో చూపగలిగింది మా ఊళ్లో ఆ ముసలి వీఆర్ఏ ఒక్కడే. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరాక ఏడాదిన్నరకు పైగా ప్రత్యేకాధికారులే నడిపారు. గోదాముకు జాగ ఇచ్చింది ఆ కాలంలోనే. ఏ గ్రామసభలో తీర్మానం చేశారో మేం అడిగితే జవాబు రాలేదు. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు పట్టా భూముల్లో అనుభవదారు కాలమ్ తీసేశారని రైతులు గోల చేశారు, న్యాయమైన గోల. ఉమ్మడి భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసే కాలమ్ నాకు తెలిసి ఎన్నడూ లేదు. ఆ గడి లేదు కాబట్టి ఎవరు తెరిచి చూసినా మా కంచ ఖాళీగానే కనిపిస్తుంది.

మేం అడిగేవి ఇవి.

మొట్టమొదట, ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో సర్కారు భూమి అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా, బంచరాయి, శిఖం, బాట, కల్లం అని పాత సర్వే రికార్డు సేత్వార్‌లో ఉన్నట్టు విడివిడిగా చూపండి. దాని పక్కన ఒక గడి పెట్టి ఏ కాలంలో ఎవరు దేనికి వాడుకుంటున్నారో రాయండి. కొత్తగా వచ్చిన గ్రామ పాలనాధికారి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం రెండుసార్లు వచ్చి, కాపరులను, పండ్లు ఏరే ఆడవాళ్లను, చేపలవాళ్లను అడిగి రాయాలి. ఎండాకాలం ఒక్కసారే వచ్చి రాసే సర్వే మాకు వద్దు.

రెండోది, ఆ గడిలో పేర్లు ఎక్కే దాకా ఏ శాఖకూ కంచలో కొత్తగా గజం ఇవ్వొద్దు. ఆ తర్వాత ఇవ్వాల్సి వస్తే గ్రామసభలో అడగండి. జాగ అడిగే శాఖ తరఫున ఒక అధికారి సభకు రావాలి. పోయేది ఎవరి మేత, ఎవరి దారి అన్నది ఆయన నోటితో చదివి వినిపించాలి.

మూడోది దారి. ఇది రేపే చేయొచ్చు, పైసా ఖర్చు ఎక్కువ కాదు. మా కందకాన్ని పాత బాట దగ్గర పది గజాల మేర పూడ్చండి, రెండు వైపులా ముళ్లకంప మేమే వేసుకుంటాం. మిగతా ఊళ్లలో కూడా మంద బాటలను నక్షా మీద గీసి హద్దురాళ్లు పాతండి.

నాలుగోది, మొక్కల మధ్యన మేపు. మొక్క మూడు, నాలుగేళ్లు పెరిగి గొర్రెకు అందనంత ఎత్తయ్యాక ఆ ముక్క తెరిచి, ఇంకో ముక్క మూయండి. ఏ ముక్క ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో అటవీ శాఖ, మా సొసైటీ కలిసి రాసుకుందాం. తెరిచిన ముక్కలో మేకను తోలితే జరిమానా మా సొసైటీయే వసూలు చేసి పంచాయతీకి కడుతుంది. ముందు గొర్రె, ఆ తర్వాతే మేక అని మా పెద్దలకు తెలియని సంగతి కాదు. కార్యదర్శికి పెట్టిన 85 శాతం లెక్కలో ఈ ఏర్పాటుకు చోటివ్వండి.

ఐదోది సోలార్. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 5,900 ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. మా గుట్ట దాని ముందు లెక్కలోకి రాదు, కానీ మాకు ఉన్నది అదే. కరెంటు వద్దనే తెలివితక్కువ వాళ్లం కాదు. వేరే దేశాల్లో ప్యానెళ్ల కింద గడ్డిని గొర్రెలతో మేపిస్తున్నారు, గడ్డి కోయించే ఖర్చు కంపెనీకి మిగులుతోంది. నిజంగానే సోలార్ పెడితే, ప్యానెళ్లను గొర్రె కిందినుంచి దూరేంత ఎత్తులో బిగించాలని, గడ్డిమందు కొట్టకూడదని, ఊరి మందలకు మేపు హక్కు ఉంటుందని లీజు కాగితంలోనే రాయండి. తర్వాత నోటిమాటగా చూద్దాంలే అంటే ఒప్పుకోం.

ఆరోది, డంపింగ్ యార్డుకు ప్రహరీ కట్టండి, లేదా చోటు మార్చండి.

చివరిది, గొర్రెలు పంచే ప్రతి పథకానికి ముందు ఆ ఊళ్లో మేత ఎంత ఉందో పశువైద్యాధికారి సంతకంతో లెక్క వేయించండి. మేత లేదని తేలితే యూనిట్ ఆపండి, మాకు అభ్యంతరం లేదు. మేత లేని ఊరికి గొర్రెను తెచ్చి కళ్ల ముందు చావనివ్వడం కంటే అదే నయం.

ఈ లేఖకు జవాబు ఫోన్ మెసేజ్‌గా వద్దు. నాలుగు శాఖల్లో ఏదో ఒక దాని తరఫున ఒక మనిషి మా ఊరికి వచ్చి గ్రామసభలో చెప్తే చాలు. వచ్చే ముందు రోజు కబురు పెడితే కంచ చుట్టూ నడిపించి, పాత బాట ఎక్కడుండేదో మేమే చూపిస్తాం. రోహిణి కార్తె దాటకుండా రండి. మృగశిర పడితే చెలకలన్నీ విత్తుతారు, ఆ తెల్లారి మందను ఎటు తోలాలో అప్పటికి మాకు తెలిసి ఉండాలి.

ఇట్లు,
గొర్రెల కాపరుల సొసైటీ సభ్యుడు ఒకడు
పాలమూరు